గ్రూమ్ అంటే మొదట్లో కుర్రాడు: ఒక ఇంగ్లిష్ మాట నడిచిన దారి

గ్రూమింగ్ అనే మాట ఇప్పుడు ఎన్నెన్ని చోట్ల వాడుతున్నారో చూస్తే కొంచెం తికమకగానే ఉంటుంది. గడ్డం ట్రిమ్ చేసుకునే మెషిన్ డబ్బా మీద గ్రూమింగ్ కిట్ అని ఉంటుంది, కుక్కకి స్నానం చేయించి గోళ్ళు కత్తిరిస్తే పెట్ గ్రూమింగ్, సాఫ్ట్‌వేర్ టీమ్ వాళ్ళు పెండింగ్ పనుల లిస్టు ముందేసుకుని కూర్చునే మీటింగ్ కూడా గ్రూమింగే, ఏదైనా పార్టీలో వారసుణ్ని రెడీ చేస్తుంటే ఫలానా ఆయన కొడుకుని గ్రూమ్ చేస్తున్నాడు అంటారు, పెళ్ళి కార్డులో బ్రైడ్ పక్కన గ్రూమ్ ఉంటాడు, మళ్ళీ అదే మాట పిల్లల మీద జరిగే లైంగిక నేరాల వార్తల్లో కనపడి ఒళ్ళు జలదరిస్తుంది. ఇవన్నీ ఒకే మాటా, లేకపోతే వేరే వేరే మాటలు ఒకేలా వినపడుతున్నాయా అంటే, ఒక్కటి తప్ప మిగతావన్నీ ఒకే తీగకి కాసినవి. ఆ ఒక్కటీ పెళ్ళికొడుకు. స్కూల్లో అందరం మొదట నేర్చుకునే అర్థం అదే, దొడ్డిదారిన లోపలికొచ్చింది కూడా అదే.

ముందు అసలు మాట సంగతి. 1200 ప్రాంతంలో మధ్యయుగపు ఇంగ్లిష్‌లో గ్రోమ్ అనో గ్రోమె అనో పలికే మాట ఒకటి కనపడుతుంది, దానర్థం మగపిల్లాడు, కుర్రాడు, అంతే. అంతకు ముందున్న పాత ఇంగ్లిష్‌లో దీనికి తల్లివేరు లాంటిదేమీ రాతల్లో దొరకలేదు. పెరగడం అనే అర్థమున్న గ్రో అనే క్రియ నుంచి వచ్చి ఉండొచ్చని ఒక ఊహ, పాత ఫ్రెంచ్‌లో నౌకరు అనే అర్థంలో ఉన్న గ్రోమెట్‌తో చుట్టరికం ఉందని ఇంకో ఊహ, ఏదీ తేలలేదు. ఆ ఫ్రెంచ్ వైపు మాత్రం ఒక సరదా కొమ్మ ఉంది. వైన్ వ్యాపారి దగ్గర పీపాలు మోస్తూ సరుకు రుచి చూసే పనివాడికి పెట్టిన పేరే తర్వాత మారి మారి, తిండి రుచులు బాగా తెలిసిన మనిషి అనే గౌరవమైన మాటగా, అంటే గూర్మేగా తేలింది. అక్కడ నౌకరు కాస్తా రసికుడైపోయాడు.

ఇంగ్లిష్‌లో కుర్రాడు ఏమయ్యాడంటే పనివాడయ్యాడు. ఇదేం వింత కాదు. తెలుగులో కూడా షాపాయన "మా కుర్రాణ్ని పంపిస్తా" అంటే వచ్చేవాడికి నలభై ఏళ్ళుండొచ్చు. వయసు చెప్పే మాట హోదా చెప్పే మాటగా మారడం చాలా భాషల్లో జరిగేదే, కానీ ఇంగ్లిష్‌లో ఇలా బయల్దేరిన మాటలు ఒక్కోటి ఒక్కో గతి పట్టాయి. నైట్ అనే మాట, రాత్రి అనే నైట్ కాదు, స్పెల్లింగ్‌లో ముందు కె ఉండే నైట్, పాత ఇంగ్లిష్‌లో కుర్రాడే, తర్వాత సేవకుడు, తర్వాత రాజు కొలువులో యోధుడు, చివరికి సర్ అని పిలిపించుకునే బిరుదు. నేవ్ అనేది కూడా కుర్రాడే, అది కూడా సేవకుడయింది, కానీ అక్కణ్ణించి జారి మోసగాడు, దుర్మార్గుడు అనే తిట్టయిపోయింది. గుర్రాల వైపు చూస్తే ఇంకా ఆశ్చర్యం, మార్షల్ అనే మాటలో ఉన్న రెండు పాత జర్మానిక్ ముక్కలకి అర్థం గుర్రం, నౌకరు, అంటే గుర్రాల నౌకరు ఫీల్డ్ మార్షల్ దాకా ఎక్కాడన్నమాట, కానిస్టేబుల్ అయితే లాటిన్‌లో గుర్రపుశాల అధికారి. ఒకే గుర్రపుశాలలోంచి బయల్దేరినవాళ్ళలో ఒకడు సైన్యాధిపతి, ఒకడు పోలీసు. గ్రూమ్ మాత్రం నైట్ లాగా పైకీ పోలేదు, నేవ్ లాగా కిందకీ పడలేదు, చాలా కాలం ఇంట్లో పనివాడిగానే ఉండిపోయాడు.

ఉండిపోయాడు అంటే పూర్తిగా నిజం కాదు, ఎందుకంటే రాజుగారి ఇంట్లో పనివాడంటే మామూలు పనివాడు కాదు కదా. ఇంగ్లండు రాజుల అంతఃపురంలో గ్రూమ్ అనేది ఒక పదవి, అందులోనూ గ్రూమ్ ఆఫ్ ది స్టూల్ అని ఒక ఉద్యోగం ఉండేది, ఇక్కడ స్టూల్ అంటే రాజుగారు మలవిసర్జనకి కూర్చునే మూతపెట్టె, ఆ సమయంలో దగ్గరుండి చూసుకునేవాడు ఈయన. వినడానికి నీచంగా ఉంటుంది గానీ ఎనిమిదో హెన్రీ కాలానికి ఆ ఉద్యోగం కోసం పెద్దింటివాళ్ళు పోటీపడేవాళ్ళు. రాజు ఒంటరిగా, ఏ దర్జా లేకుండా ఉండే సమయంలో పక్కనుండేది ఆ ఒక్కడే, చెవిలో మాట వెయ్యాలన్నా, సంతకం పెట్టించుకోవాలన్నా అంతకంటే మంచి చోటు లేదు. దగ్గరతనం ఎంత బలమో అంత ప్రమాదం కూడా. ఆ పదవిలో ఉన్న హెన్రీ నోరిస్‌ని 1536లో రాణి ఆన్ బొలిన్‌తో సంబంధం అంటగట్టి తల తీయించారు. తర్వాత తర్వాత స్టూల్ అనే మాటని సున్నితంగా స్టోల్ అని మార్చుకుని ఆ పదవిని లాక్కొచ్చారు, చివరికి 1901లో ఏడో ఎడ్వర్డ్ గద్దెక్కినప్పుడు ఎత్తేశారు.

ఈ విషయం దగ్గర కాస్త ఆగాలి. ఒంటికి దగ్గరగా వచ్చి సేవ చెయ్యడం, ఆ సేవ వల్ల నమ్మకం పుట్టడం, ఆ నమ్మకం వల్ల పట్టు దొరకడం. గ్రూమ్ అనే మాట లోపల ఈ మూడూ ఎప్పటినుంచో ఉన్నాయి, ఇవాళ నేరాల వార్తల్లో వినపడే అర్థం ఎక్కణ్ణించో ఊడిపడలేదు.

ఇక పెళ్ళికొడుకు. పాత ఇంగ్లిష్‌లో పెళ్ళికొడుకుని బ్రూడ్‌గుమ అనేవాళ్ళు, బ్రూడ్ అంటే పెళ్ళికూతురు, గుమ అంటే మనిషి, మగవాడు. ఈ గుమ చాలా పాత కుటుంబానికి చెందిన మాట, లాటిన్‌లో మనిషికున్న హోమో అనే పేరూ ఇదీ ఒకే వేరు నుంచి వచ్చినవి, ఆ వేరుకి అర్థం మట్టి, నేల. జర్మన్‌లో బ్రాయ్టిగామ్, డచ్‌లో బ్రౌదెఖోమ్, స్వీడిష్‌లో బ్రూద్‌గుమ్ అని ఇప్పటికీ ఆ పాత ముక్క అలాగే ఉంది. ఇంగ్లిష్‌లో మాత్రం గుమ అనే మాట విడిగా వాడకంలోంచి పోయింది, జనానికి దాని అర్థం తెలీకుండా పోయింది, అర్థం తెలీని ముక్క నోట్లో ఉంటే నాలుక ఊరుకోదు కాబట్టి దానికి దగ్గరగా వినపడే తెలిసిన మాటని అక్కడ కూర్చోబెట్టేశారు, ఆ తెలిసిన మాటే గ్రూమ్. 16వ శతాబ్దానికల్లా బ్రైడ్‌గ్రూమ్ స్థిరపడిపోయింది. ఎక్కడా లేని ర అక్షరం మధ్యలో ఎలా వచ్చిందంటే ఇలా వచ్చింది. అలా చూస్తే పెళ్ళికొడుకు అనే మనిషి కాస్తా పెళ్ళికూతురి నౌకరుగా మారాడని జోకులేసేవాళ్ళు చాలామందే ఉన్నారు, జోకు బాగానే ఉంటుంది గానీ అప్పట్లో గ్రూమ్‌కి కుర్రాడు, మగవాడు అనే అర్థం కూడా ఇంకా బతికే ఉంది, మారిన వాళ్ళ మనసులో ఉన్నది బహుశా అదే.

తర్వాత ముందున్న బ్రైడ్‌ని కూడా వదిలేసి ఒట్టి గ్రూమ్ అంటే చాలు పెళ్ళికొడుకు అనుకోవడం 1600 తర్వాత మొదలైంది. షేక్‌స్పియర్ ఒథెల్లోలో బ్రైడ్ అండ్ గ్రూమ్ అని వధూవరుల్ని జంటగా అంటాడు, అదే మనిషి మాక్‌బెత్‌లో తాగి గుర్రుపెట్టే రాజుగారి కాపలా నౌకర్లని గ్రూమ్స్ అంటాడు. అంటే ఒకే కాలంలో, ఒకే కలం కింద రెండు అర్థాలూ పక్కపక్కనే నడిచాయి, చూసేవాళ్ళెవరూ తికమకపడలేదు.

17వ శతాబ్దం నుంచి నౌకర్లలో ఒక రకం నౌకరు ఈ పేరుని పూర్తిగా సొంతం చేసుకున్నాడు, గుర్రాలు చూసేవాడు, తెలుగులో సైసు అంటామే అతను. ఆ తర్వాత చాలా కాలానికి, 1809 ప్రాంతంలో, ఈ నామవాచకం నుంచి ఒక క్రియ పుట్టింది. గ్రూమ్ చేసే పని కాబట్టి టు గ్రూమ్, అంటే గుర్రానికి మాలీసు చెయ్యడం, ఇనప పళ్ళ గొరపంతో గీకి ఎండిన బురద రాల్చడం, బ్రష్ పెట్టి ఒళ్ళంతా తోమడం, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీయడం, మేత పెట్టడం. ఈ పని అందం కోసం మాత్రమే కాదు, జీను కింద మట్టి గడ్డ ఒక్కటి మిగిలినా చర్మం ఒరుసుకుపోయి పుండవుతుంది, గిట్టలో రాయి ఉంటే కుంటుతుంది, రోజూ చేత్తో తడుముతుంటేనే ఎక్కడ వాచిందో ఎక్కడ వేడిగా ఉందో తెలుస్తుంది. ఇంకోటి, రోజూ అదే చెయ్యి తగులుతుంటే గుర్రం ఆ చేతికి అలవాటుపడుతుంది, బెదరడం మానేస్తుంది, జీను వేయించుకుంటుంది.

మొత్తం కథలో అసలు మలుపు ఈ క్రియ పుట్టడమే, చాలామంది దీన్ని దాటేసి పోతారు. అప్పటిదాకా గ్రూమ్ అంటే చిన్నవాడు, కిందవాడు, ఇంకొకరి మాట వినేవాడు. క్రియ పుట్టగానే ఆ చిన్నవాడు కర్త అయిపోయాడు, వాడి చేతికింద ఇంకో ప్రాణి వచ్చింది. గ్రూమ్ చేసేవాడు ఒకడు, చేయించుకునేది ఒకటి, ఆ రెండోది నోరులేనిది. ఇక్కణ్ణుంచి ఆ మాటకి ఏ కొత్త అర్థం పుట్టినా ఈ ఇద్దరి మధ్య ఉన్న తేడా మీదే పుట్టింది.

మధ్యలో ఒక పిట్టకథ. ఇంగ్లిష్‌లో కర్రీ ఫేవర్ అని ఒక జాతీయం ఉంది, అంటే కాకా పట్టడం. ఈ కర్రీకి మనం తినే కూరకీ ఏ సంబంధమూ లేదు, గుర్రాన్ని గొరపంతో తోమడానికి పాత ఫ్రెంచ్ నుంచి వచ్చిన మాట అది. 14వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచ్‌లో ఫోవెల్ అనే గుర్రం మీద ఒక వ్యంగ్య కావ్యం వచ్చింది, ఆ గుర్రం కపటానికి మారుపేరు, అధికారం కావాల్సిన ప్రతివాడూ, మతగురువుల దగ్గర్నుంచి దొరల దాకా, వచ్చి ఆ గుర్రాన్ని తోమిపోతుంటారు. ఇంగ్లిష్ వాళ్ళు ఫోవెల్‌ని తోమడం అనే మాటని కొన్నాళ్ళు అలాగే వాడి, తర్వాత ఫోవెల్ ఎవరో మర్చిపోయి దాన్ని ఫేవర్ చేసేశారు, గుమని గ్రూమ్ చేసినట్టే. అంటే గుర్రాన్ని తోమే చేతిలో స్వార్థం ఉండొచ్చనే అనుమానం గ్రూమ్ క్రియ పుట్టకముందు నాలుగైదు వందల ఏళ్ళ నుంచే ఆ భాషలో ఉంది.

గుర్రం నుంచి మనిషికి రావడానికి ఎక్కువ టైమ్ పట్టలేదు. 1843 నాటికి తన ఒంటిని తను నీటుగా పెట్టుకోవడం అనే అర్థంలో వాడుతున్నారు, ఆ శతాబ్దం చివరికి వెల్ గ్రూమ్డ్ అనే పొగడ్త వచ్చేసింది. తళతళలాడే గుర్రాన్ని చూసినప్పుడు అనే మాటే తళతళలాడే మనిషికీ వేశారు. ఈ అర్థంలో ప్రమాదమేమీ లేదు ఎందుకంటే చేసేవాడూ చేయించుకునేవాడూ ఒక్కడే. ఇవాళ షేవింగ్ క్రీములూ బియర్డ్ ఆయిళ్ళూ అమ్మే కంపెనీలన్నీ బతుకుతున్నది ఈ ఒక్క అర్థం మీదే, అందులో కూడా ఒక చిన్న మతలబు ఉంది, అదే క్రీము ఆడవాళ్ళకి అమ్మితే బ్యూటీ, మగవాళ్ళకి అమ్మితే గ్రూమింగ్. మగాడికి అందం అనే మాట చెప్పకుండా అందాన్ని అమ్మడానికి గుర్రపుశాల వాసన ఉన్న ఈ మాట బాగా అక్కరకొచ్చింది. ఆర్మీలూ ఎయిర్‌లైన్సూ పెట్టే గ్రూమింగ్ రూల్స్‌లో, జుట్టు ఎంత పొడుగు, గోళ్ళు ఎంత, గడ్డం ఉండొచ్చా లేదా అనే వాటిలో మాత్రం సొంతంగా చేసుకోవడం అనేది పేరుకే, ఎలా ఉండాలో నిర్ణయించేది ఇంకొకరు.

జంతుశాస్త్రం వాళ్ళు కూడా ఈ మాట తీసుకున్నారు. పిల్లి తనని తాను నాక్కోవడం, పక్షి ముక్కుతో ఈకలు సర్దుకోవడం, కోతులు ఒకదానికొకటి పేలు చూసుకోవడం, అన్నీ గ్రూమింగే. ఈ చివరిదాని మీద చాలా పరిశోధన జరిగింది, కొన్ని కోతిజాతులు మేలుకుని ఉన్న సమయంలో దాదాపు ఐదో వంతు దాకా దీనికే పెడతాయి, అంత సేపు పట్టేన్ని పేలు ఏ కోతికీ ఉండవు, అసలు పని పేలు తీయడం కాదు, స్నేహాలు కట్టుకోవడం. అలా తడుముతుంటే ఒంట్లో ఎండార్ఫిన్లు విడుదలై హాయిగా ఉంటుంది, రేపు కొట్లాట వస్తే ఇవాళ పేలు చూసిన కోతి పక్కన నిలబడుతుంది. మనుషుల గుంపులు పెద్దవయ్యాక ఒక్కొక్కరినీ తడిమే టైమ్ చాలక ఆ పనిని కబుర్లు చేసిపెడుతున్నాయని, భాష పుట్టుకకి అదే కారణం కావచ్చని బ్రిటిష్ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ 1990ల్లో వాదించాడు, అందరూ ఒప్పుకోలేదు గానీ వినడానికి బాగుంటుంది. ఇక్కడ గ్రూమింగ్ ఇచ్చిపుచ్చుకునే వ్యవహారం, ఇవాళ నువ్వు రేపు నేను, ఒకవైపే నడవదు.

ఒకవైపే నడిచే రకం రాజకీయాల్లో మొదలైంది. 1887 ప్రాంతంలో అమెరికాలో ఎన్నికల అభ్యర్థిని తయారుచెయ్యడానికి ఈ మాట వాడడం మొదలుపెట్టారు, పందేనికి గుర్రాన్ని రెడీ చేసినట్టు అన్నమాట, డార్క్ హార్స్ లాంటి రేసు మాటలు అప్పటికే అక్కడి రాజకీయాల్లో మామూలే కాబట్టి ఇదీ వాటిలో కలిసిపోయింది. వారసుణ్ని, కాబోయే సీఈవోని, కొత్త హీరోని గ్రూమ్ చెయ్యడమనేది ఇందులోంచే వచ్చింది. పందెం గెలిస్తే కప్పు ఎవరింటికి పోతుందో గుర్రాన్ని ఎవరూ అడగరు, ఈ వాడకంలో ఆ ఛాయ కొంచెం ఎప్పుడూ ఉంటుంది.

1980ల నుంచి పిల్లల రక్షణ రంగంలో పనిచేసేవాళ్ళు ఈ మాటని ఒక చీకటి పనికి పేరుగా పెట్టారు, ఇప్పుడు ఇంగ్లిష్ వార్తల్లో గ్రూమింగ్ అంటే చాలామందికి ముందు తట్టేది ఇదే. పెద్ద వయసు మనిషి ఒక పిల్లనో పిల్లాణ్నో ఎంచుకుంటాడు, ఇంట్లో పట్టించుకునేవాళ్ళు తక్కువున్న పిల్లల్ని వెతుకుతాడు, స్నేహం చేస్తాడు, గిఫ్టులిస్తాడు, నువ్వు వయసుకి మించిన తెలివైనదానివి అంటాడు, ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి అని చిన్న చిన్న రహస్యాలు అలవాటు చేస్తాడు, మెల్లగా మిగతావాళ్ళ నుంచి దూరం చేస్తాడు, ముట్టుకోవడం కూడా ఆటలాగా మొదలుపెడతాడు. చాలాసార్లు ఆ పిల్లల కంటే ముందు వాళ్ళ అమ్మానాన్నల నమ్మకం సంపాదిస్తాడు, అందుకే బయటపడ్డాక కూడా అంత మంచాయన మీద ఇలాంటి మాటా అని ఊరంతా అతని వైపే నిలబడుతుంది. విడివిడిగా చూస్తే ఇందులో మొదటి అడుగులేవీ నేరం కాదు, చాక్లెట్ ఇవ్వడం నేరమా, హోమ్‌వర్క్‌లో సాయం చెయ్యడం నేరమా. బెదిరే గుర్రాన్ని చేతికి మచ్చిక చేసే పద్ధతి, అదే ఓపిక, అదే రోజువారీతనం, ఉద్దేశం ఒక్కటే వేరు.

అందుకే చట్టాలు కూడా ఈ మాట దగ్గర తడబడ్డాయి. ఇంగ్లండ్, వేల్స్‌కి వర్తించే 2003 లైంగిక నేరాల చట్టంలో 15వ సెక్షన్ శీర్షికలో గ్రూమింగ్ ఉంది, కింద సెక్షన్‌లో ఆ మాటకి నిర్వచనం లేదు, 18 దాటిన వ్యక్తి 16 నిండని పిల్లలతో ముందు మాటలు కలిపి, తర్వాత నేరం చేసే ఉద్దేశంతో కలవడం లేదా కలవడానికి బయల్దేరడం, అది నేరం అని మాత్రమే ఉంది. మొదట కనీసం రెండుసార్లు మాట్లాడి ఉండాలని రాశారు, 2015లో దాన్ని ఒక్కసారికి తగ్గించారు, లైంగిక ఉద్దేశంతో పిల్లలకి మెసేజ్ పెట్టడమే నేరమయ్యేలా ఇంకో సెక్షన్ కూడా అప్పుడే చేర్చారు. కెనడా వాళ్ళు 2002లో అసలు ఈ మాట జోలికే పోకుండా ఎర వెయ్యడం అనే అర్థమున్న లూరింగ్ అన్నారు. యూరప్ దేశాలు 2007లో లాంజరోటె అనే దీవిలో సంతకాలకి పెట్టిన ఒప్పందంలో కూడా ఆర్టికల్ శీర్షికకి వేరే మాటే ఎంచుకున్నారు.

బ్రిటన్‌లో రోథరమ్ అనే ఊళ్ళో 1997 నుంచి 2013 దాకా దాదాపు 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014లో ఒక అధికారిక విచారణ నివేదిక చెప్పింది, అలాంటి కేసుల చుట్టూ గ్రూమింగ్ గ్యాంగ్స్ అనే మాట పేపర్లలో పాతుకుపోయింది. దాని మీద ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది, జరిగింది అత్యాచారం అయితే దువ్వడం, తోమడం లాంటి మెత్తటి మాట ఎందుకు పెట్టాలి అని. గ్రూమింగ్ అనేది నేరానికి ముందు నడిచే తయారీ, నేరానికే ఆ పేరు పెడితే నేరం చిన్నదై కనపడుతుంది. ఇంకోవైపు 2022 ప్రాంతం నుంచి అమెరికా రాజకీయాల్లో గ్రూమర్ అనేది ఎదుటివర్గం మీద, ముఖ్యంగా ఎల్‌జీబీటీ వాళ్ళ మీద విసిరే తిట్టయిపోయింది, అలా ఎవరి మీద పడితే వాళ్ళ మీద వేస్తే నిజంగా ఆ మాట కావాల్సిన చోట దానికి పదును పోతుంది.

ఈ నేరపు నీడ ఎంత దూరం పాకిందో చెప్పడానికి సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఉదాహరణ చాలు. పనిని చిన్న చిన్న విడతలుగా చేసుకుపోయే స్క్రమ్ అనే పద్ధతిలో పనిచేసే టీములకి పెండింగ్ పనుల లిస్టుని ఎప్పటికప్పుడు సర్దుకునే పని ఉంటుంది, 2011లో వచ్చిన స్క్రమ్ గైడ్‌లో దాన్ని బ్యాక్‌లాగ్ గ్రూమింగ్ అన్నారు, 2013 సవరణలో ఆ మాట తీసేసి రిఫైన్‌మెంట్ అని పెట్టారు. అది బాధపెట్టే మాట అవుతుందన్న అభ్యంతరాలు అప్పటికే ఉన్నాయి. అయినా చాలా ఆఫీసుల్లో క్యాలెండర్ ఇన్వైట్ మీద ఇప్పటికీ గ్రూమింగ్ కాల్ అనే ఉంటుంది, అలవాటు అంత తొందరగా పోదు.

ఇప్పుడు ఇంగ్లిష్‌లో ఈ మాట వాడాలంటే వ్యాకరణమే కొంత దారి చూపిస్తుంది. కర్మ తనే అయితే, అంటే తన జుట్టు, తన గడ్డం, తన ఒళ్ళు అయితే గొడవ లేదు. కర్మ జంతువైతే ఇంకా గొడవ లేదు, అది మాట పుట్టింట్లోనే ఉన్నట్టు. మంచుకొండ మీద స్కీయింగ్ ట్రాక్‌ని చదును చెయ్యడాన్ని కూడా గ్రూమింగే అంటారు, అక్కడ అనుమానానికి చోటే లేదు. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళని పదవికి తయారుచేస్తే పూర్వం మామూలు మాటే, ఇప్పుడు చదివేవాళ్ళు ఒక్క క్షణం ఆగుతున్నారు, అందుకే చాలామంది మెంటర్ అనో ప్రిపేర్ అనో రాస్తున్నారు. కర్మ స్థానంలో పిల్లలుంటే మాత్రం అస్సలు కుదరదు. పిల్లలకి శుభ్రంగా ఉండడం, పద్ధతిగా మాట్లాడడం నేర్పిస్తాం అని చెప్పుకోవడానికి కొన్ని స్కూళ్ళూ ట్రైనింగ్ సెంటర్లూ మేం పిల్లల్ని గ్రూమ్ చేస్తాం అని ఇంగ్లిష్‌లో ప్రకటనలు రాస్తుంటాయి, రాసినవాళ్ళ మనసులో ఉన్నది వెల్ గ్రూమ్డ్, బయట ఇంగ్లిష్ రోజూ చదివే మనిషికి అందులో వినపడేది పోలీసు కేసు. పర్సనల్ గ్రూమింగ్ క్లాస్ అని నామవాచకంగా రాస్తే అదే విషయం ఏ ఇబ్బందీ లేకుండా చెప్పొచ్చు, పిల్లల్ని గ్రూమ్ చేస్తాం అనే క్రియ ఒక్కటీ కొట్టేసి ట్రైన్ చేస్తామనో నేర్పిస్తామనో పెడితే సరిపోతుంది.